ఆ ప్లస్ గుర్తు జోలికి పోకు

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీలో పాత కంప్యూటర్లు పారేయకుండా, ప్రోగ్రాములన్నీ ఒక్క పెద్ద లినక్స్ యంత్రంలో నడిపి, విండోలు మాత్రం ముప్ఫై తెరల మీద చూపిస్తానన్నావట. ఎంత సంతోషమేసిందో, అంత గుబులూ పట్టుకుంది తల్లీ.

తేలికవి ముందు. లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే ఏర్పాటు పేరు ఎక్స్. ఎక్స్‌లో సర్వర్ అంటే పిల్లల ముందున్న తెర. పెద్ద యంత్రంలో నడిచే ప్రోగ్రామే క్లయింట్. పెద్ద యంత్రంలో తెరకు చేరే అనుమతులు చూసుకునే ఎక్స్‌ఆత్ ఉండాలి, దూరపు యంత్రంలోకి భద్రంగా చేర్చే ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో ఎక్స్11 ఫార్వర్డింగ్ యెస్ అని ఉండాలి. విండో ఏ తెర మీదకు వెళ్లాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్‌ని చేత్తో మార్చకు, లోకల్‌హోస్ట్:10.0 లాంటిది ఎస్‌ఎస్‌హెచ్చే పెట్టుకుంటుంది.

ఇక నా భయం. మొదటిరోజే ఎవరికో "కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే" అని వస్తుంది. పక్కవాడు "ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొట్టు" అంటాడు. కొట్టగానే విండో తెరుచుకుంటుంది. అక్కడే మోసపోతాం. ఎక్స్‌హోస్ట్ అంటే తెరకు ఎవరు చేరొచ్చో చెప్పే కమాండ్. ఆ ప్లస్‌తో ఆ తెరకున్న కాపలా మొత్తం పోతుంది. నెట్‌వర్కు నుంచి నేరుగా తెరకు చేరే దారి 6000 పోర్టు. 2015లో వచ్చిన ఎక్స్ సర్వర్ ప్రోగ్రాము ఎక్స్‌ఆర్గ్ 1.17 నుంచి అది మామూలుగా మూసే ఉంటుంది. దాన్నీ తెరవమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకు.

కాపలా పోతే ఏమవుతుందో చూడు. ఎక్స్ 1984లో ఎంఐటీలో పుట్టింది, ఎక్స్11 1987లో వచ్చింది. ఒక తెరకు చేరిన ప్రోగ్రాములన్నీ ఒక ఇంటివాళ్లేనని దాని నమ్మకం. వాటి మధ్య గోడల్లేవు. వాటిలో ఏ ప్రోగ్రామైనా తెర మొత్తాన్నీ ఫొటో తీసుకోవచ్చు, నువ్వు నొక్కినట్టే కీలు నొక్కొచ్చు. ఒక పిల్ల పాస్‌వర్డ్ కొడుతోందనుకో, తెర మీద అక్షరాలు కనపడవు. కానీ అదే తెరకు చేరిన ఇంకొకడు నొక్కిన కీల నంబర్లు చూపించే ఎక్స్‌ఇన్‌పుట్ టెస్ట్ నడిపితే, "కీ ప్రెస్ 38" అని వరుసగా వస్తాయి. మామూలు కీబోర్డు మీద 38 అంటే ఏ. కాగితం మీద రాసుకుంటే చాలు, పాస్‌వర్డ్ చేతికొచ్చినట్టే.

పొరపాటున కొట్టేస్తే ఎక్స్‌హోస్ట్ మైనస్ సరిపోదు. కొత్తవాళ్లను ఆపుతుందే గానీ అప్పటికే లోపలికొచ్చినవాళ్లను బయటకు పంపదు. లాగౌట్ చేయించు.

మరి విండో ఎందుకు రాలేదంటావా? చాలాసార్లు సు, సుడో కొట్టి వేరే యూజర్‌గా మారి ఉంటారు. తెరకు చేరడానికి చూపించాల్సిన రహస్య సంకేతం, 128 బిట్ల కుకీ, పాత యూజర్ హోమ్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైల్లో ఉండిపోతుంది. లేదా డిస్క్ కోటా నిండి ఎక్స్‌ఆత్ ఆ ఫైలు రాయలేకపోతుంది. ఎక్స్‌ఆత్ లిస్ట్ కొడితే కుకీ ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ పని రెండు నిమిషాలది, బద్ధకించావో ఊరుకోను.

ఇళ్ల నుంచి వాడతామంటే ఒప్పుకోకు. విండో తెరిచేలోపు ప్రోగ్రాము వందసార్లు అడిగి జవాబు కోసం ఆగిందనుకో, ఒక్కోదానికి 30 మిల్లీసెకన్లు పట్టినా మూడు సెకన్లు పోయాయి. లైను తెగితే ప్రోగ్రామే చచ్చిపోతుంది, సేవ్ చేయని పని గల్లంతు. దానికి ఎక్స్‌ప్రా అనే ప్రోగ్రాము పెట్టు, లైను తెగినా తిరిగి అతుక్కోవచ్చు. వీడియో కూడా వద్దు: 1920×1080 తెర ఒక్క ఫ్రేము దాదాపు 83 లక్షల బైట్లు, 100 ఎంబీపీఎస్ కేబులు మీద అరసెకనుకు పైనే పడుతుంది. శబ్దం ఎక్స్ మోయనే మోయదు.

ఇంకొకటి. ఏదైనా మెనూ తెరిచి ఉంటే కీబోర్డు దాని పట్టులో ఉంటుంది, స్క్రీన్ లాక్ పడకపోవచ్చు. లేచేముందు ఎస్కేప్ నొక్కమను.

ల్యాబు తెరిచే ముందు ఒక్కో తెర దగ్గర కూర్చుని ఒట్టి ఎక్స్‌హోస్ట్ అని కొట్టు. "యాక్సెస్ కంట్రోల్ ఎనేబుల్డ్" అని రావాలి. కింద లోకల్‌యూజర్ వరుస ఉంటే ఫరవాలేదు, ఐనెట్ అని మొదలైతే నెట్‌వర్కులోని వేరే యంత్రానికి అనుమతి ఉన్నట్టు, తీసెయ్. ముప్ఫై తెరలూ చూడాలి తల్లీ, ఒక్కటీ వదలకు. ఉదయం ఏమైనా తిని మొదలుపెట్టు.

మీ పెదనాన్న