అమ్మలూ, ముందు నువ్వెవరో చెప్పు

పాలకొల్లు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

రొయ్యల చెరువుల లెక్కలు రాసుకోవడానికి నువ్వు యాప్ తయారుచేశావనీ, ఆదివారం పొద్దున్నే నలభై వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఒకేసారి పెట్టేస్తావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మొదటి మాటకి ఛాతీ పొంగింది. రెండో మాటకి నిద్ర పట్టలేదు. ఆదివారం ఆపు. ఇదంతా చదివాక ఎప్పుడు పెట్టాలో నువ్వే చూసుకో.

తేలికవి ముందు చెప్పేస్తాను. ప్రతి గ్రూపు నియమాలూ చదువు. అడ్మిన్‌ని అడక్కుండా లింకు పెట్టకు. లింకుని పొట్టిగా చేసే సర్వీసులు వాడకు, అది ఎక్కడికి పోతుందో కనపడకపోతే మన రైతు నొక్కడు. ఒక్కో గ్రూపుకిచ్చే లింకు చివర ఒక్కో యూటీఎం ట్యాగ్ (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తు) పెట్టుకో, లేకపోతే వచ్చినవాళ్లు ఆకివీడు గ్రూపులోంచి వచ్చారో అమలాపురం గ్రూపులోంచి వచ్చారో ఎప్పటికీ తెలీదు.

ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైలు, మాత్రం ఎవరికీ పంపకు. పీఎం కిసాన్ పేరుతోనూ, ట్రాఫిక్ చలానా పేరుతోనూ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేలు నొక్కి జనం డబ్బులు పోగొట్టుకున్నారు. నీ ఫైలు కూడా అలాంటిదే అనుకుంటారు, అనుకోవాలి కూడా. ప్లే స్టోర్ లింకే ఇవ్వు. దానికి పట్టే రోజులు ఇప్పుడే లెక్కేసుకో. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు 14 రోజులు ఆగకుండా క్లోజ్డ్ టెస్టులో (పిలిచినవాళ్లే వాడి చూసే పరీక్షలో) ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చేస్తానని దరఖాస్తు పెట్టుకోవాలి. మధ్యలో కొందరు తప్పుకుంటారు కాబట్టి ఇరవై మందిని చేర్చుకో. వాళ్లు నీ ఆఫీసు స్నేహితులు కాకూడదు, తెల్లవారుజామున గట్టు మీద నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని, అంటే డీఓని, కొలిచే మీటరు పట్టుకునేవాళ్లు అయ్యుండాలి. ఆ ఇరవై మందిని వెతుక్కోవడమే నీ మొదటి ప్రచారం.

గ్రూపులో చేరిన రోజే లింకు పెట్టడమంటే ఎవరింటి పెళ్లికో వెళ్లి విస్తరి విస్తరికీ మన కరపత్రం పంచినట్టు. రెండు మూడు వారాలు ఊరికే చదువు. రైతులు అడిగేవి ఇలా ఉంటాయి. చెక్ ట్రేలో (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెంలో) మేత మిగులుతోంది, ఎంత తగ్గించాలంటారు. మబ్బు పట్టింది, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఎంతసేపు తిప్పాలంటారు. నీకు నిక్కచ్చిగా తెలిసినవాటికే, లింకు లేకుండా జవాబు రాయి. ఎఫ్‌సీఆర్, అంటే కేజీ రొయ్యకి ఎంత మేత పట్టిందో, ఎలా చూడాలని ఎవరైనా అడిగితే, 1,800 కేజీల మేత వేసి 1,200 కేజీల రొయ్య పడితే 1.5 అని లెక్క వేసి చూపించు, అక్కడితో ఆపు. యాప్ పేరు ఎత్తకు. పదిసార్లు మాట్లాడితే తొమ్మిదిసార్లు పనికొచ్చే మాట చెప్పి, ఒకసారే మన సరుకు గురించి చెప్పుకోవచ్చని రెడిట్ అనే చర్చల సైటులో చాలాకాలం ఒక లెక్క నడిచింది. మన గ్రూపులకీ అది చాలు.

అడ్మిన్ సరేనన్నాక పోస్టు ఇలా రాయి. నేనైతే ఒక్క మాట కూడా పెంచను.

"నమస్కారమండి. ఈ యాప్ తయారుచేసింది నేనే. ఉదయం, రాత్రి డీఓ, పీహెచ్, వేసిన మేత, చెక్ ట్రేలో మిగిలింది రాసుకోవచ్చు. గట్టు మీద సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకే ఉంది. జబ్బు ఏంటో చెప్పదు, మందు చెప్పదు. మీటరు తప్పు చూపిస్తే ఇందులోనూ తప్పే పడుతుంది, దీన్ని నమ్మి ఏరియేటర్ కట్టెయ్యకండి. ఇప్పటికి ఉచితం, తర్వాత డబ్బు పెడితే ముందే చెప్తాను. మీరు రాసుకున్న లెక్కలు మీ ఫోన్లోనే ఉంటాయి. ఎక్కడ ఇబ్బంది ఉందో చెప్పండి."

లెక్కలు ఫోన్లోనే ఉంటాయన్న మాట నిజమైతేనే రాయి. నీ సర్వర్‌కి ఏదైనా వెళ్తుంటే ఏది వెళ్తుందో రాయి. తన చెరువులో కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంతకొచ్చిందో కొనేవాడికి తెలిసిపోతుందేమోనన్నదే రైతు మొదటి భయం.

మేత వేళా, రేట్లు వచ్చే వేళా పెట్టకు, కౌంట్ల రేట్ల కింద కొట్టుకుపోతుంది. ఒక రోజుకి ఒకే గ్రూపు. పెట్టాక మూడు గంటలు ఫోన్ పక్కన పెట్టకు, ఎవరేం అడిగినా జవాబివ్వు. తప్పు చూపించినవాడితో వాదించకు. ఏ ఫోను, ఏ వెర్షను అని అడుగు, సరిచేశాక అదే చర్చలోకి తిరిగొచ్చి సరిచేశానని రాయి. తిట్టారని పోస్టు తుడిచెయ్యకు.

ఇక నా నిద్ర పోగొట్టిన సంగతి. నీ రూమ్మేట్లు ముగ్గురు రైతుల పేర్లతో ఖాతాలు తెరిచి "మా చెరువుకి వాడుతున్నాం, చాలా బాగుంది" అని రాస్తారటగా. అమ్మలూ, ఈ ఒక్కటీ చెయ్యకు. ఇది కొత్త తెలివేం కాదు. ఇంగ్లీషులో సాక్‌పప్పెట్ అని పేరు పడిపోయిన పాత తప్పు. చేతికి మేజోడు తొడిగి బొమ్మలా మాట్లాడించడమన్నమాట. తెరవెనక చెయ్యి ఎవరిదో కనిపెట్టడానికి రెండు దారులున్నాయి.

ఒకటి యంత్రం. ముగ్గురిదీ ఒకే వైఫై కాబట్టి బయటికి ఒకే ఐపీ అడ్రసు. ఖాతాలు పుట్టింది ఒకే వారంలో. ముగ్గురూ ఒకే సరుకు గురించి తప్ప ఇంకేం మాట్లాడరు. నువ్వు పోస్టు పెట్టిన ఐదు నిమిషాల్లో మూడు ఓట్లు. రెడిట్‌లాంటి చోట్ల ఇవి పట్టుకోవడం పెద్ద పని కాదు. పట్టుకున్నాక నీకు చెప్పరు కూడా. షాడోబ్యాన్ అంటారు, నీ పోస్టు నీకు కనపడుతూనే ఉంటుంది, మిగతా ఎవరికీ కనపడదు. వారాల తరబడి ఖాళీ గదిలో మాట్లాడుకుంటావు. ఇంకా ముదిరితే నీ వెబ్‌సైటు డొమైన్‌నే ఆపేస్తారు, అప్పుడు నీ యాప్ నచ్చి నిజమైన మనిషి లింకు ఇచ్చినా అది పైకి రాదు. ప్లే స్టోర్‌లోనూ అంతే, దొంగ రివ్యూలు తీసేస్తారు, యాప్‌నే తీసేసే హక్కూ వాళ్లకుంది. మన దేశంలో 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అని ప్రమాణమే వచ్చింది.

రెండోది మనిషి. యంత్రం కన్నా మనవాళ్లే ముందు పట్టేస్తారు. భీమవరం రైతు "యూజర్ ఇంటర్‌ఫేస్ సూపర్" అని రాయడు. "రాసుకోడానికి వీలుగానే ఉందండి, అక్షరాలే చిన్నవి" అంటాడు. వంక పెట్టని మెచ్చుకోలు చూడగానే ఎవరో ఒకరు మర్యాదగానే అడుగుతారు: "ఏ ఊరండి చెరువు? ఎకరాకి ఎంత పిల్ల వేశారు? మేత ఏ నంబరు నడుస్తోంది?" హైదరాబాదు గదిలో కూర్చున్న నీ రూమ్మేటు దగ్గర జవాబుండదు. పది నిమిషాల మౌనం. ఆ మౌనానికి స్క్రీన్‌షాట్ తీస్తారు. ఒక్కో రైతు ఆరేడు గ్రూపుల్లో ఉంటాడు, సాయంత్రానికి ఉండి నుంచి కైకలూరు దాకా తిరుగుతుంది. యాప్ పేరు మార్చి మళ్లీ రావచ్చు. మీ నాన్న పేరు మార్చలేం.

ఇప్పటికే ఎవరైనా రాసేసి ఉంటే గుట్టుగా తుడిచేసి ఊరుకోకు. అదే గ్రూపులో నీ పేరుతోనే, ఆ మాటలు నా స్నేహితులవి, తీసేయించాను, తప్పు నాది అని రెండు వాక్యాలు రాయి. చిన్నప్పుడు ఆవకాయ జాడీ మూత పగలగొట్టి, మేం చూడకముందే ముక్కలు పట్టుకొచ్చి చూపించినదానివి. నీకిది కష్టం కాదు.

ఇంకొకటి. "మా యాప్ ఉంటే చెరువు పోదు" లాంటి మాట సరదాకైనా రాయకు. రాత్రంతా రొయ్యా నాచూ ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటాయి, తెల్లారేముందు డీఓ అన్నిటికన్నా అడుగుకి వస్తుంది, పగలు మబ్బు పట్టి ఉంటే మరీను. వనామి రకం రొయ్యకి డీఓ నాలుగు పీపీఎం (లీటరు నీళ్లకి నాలుగు మిల్లీగ్రాములు) కన్నా తగ్గనివ్వకూడదంటారు. మీటరు తప్పు చూపించినా, మనిషి తప్పు కొట్టినా నీ యాప్ ఆ తప్పు అంకెనే అందంగా చూపిస్తుంది. దాన్ని నమ్మి ఎవరైనా ఏరియేటర్ కట్టేస్తే పోయేది ఒక పంట మొత్తం. యాప్ అంకెని నమ్మి ఏరియేటర్ కట్టెయ్యొద్దన్న హెచ్చరిక పోస్టులోనూ ఉండాలి, యాప్ తెరవగానే కూడా ఉండాలి.

హ్యాకర్ న్యూస్, ప్రొడక్ట్ హంట్ అని మీ నాన్న నోరు తిరగని పేర్లు చెప్పాడు, సాఫ్ట్‌వేర్‌వాళ్లు తాము చేసినవి చూపించుకునే సైట్లు. మొదటిదాంట్లో "షో హెచ్ఎన్" అని పెట్టి మనం చేసినది చూపించుకోవచ్చు, కానీ జనం అప్పటికప్పుడు వాడి చూసేలా ఉండాలి, ఓట్లు వెయ్యమని స్నేహితుల్ని అడక్కూడదు. రెండోదాంట్లో రోజు అమెరికా పసిఫిక్ టైములో అర్ధరాత్రి మొదలవుతుంది, అంటే వాళ్ల వేసవిలో మనకి మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. సిగ్నల్ లేకుండా డేటా ఎలా దాచావో అక్కడ చెప్పుకో, నీలా యాప్‌లు చేసేవాళ్లకి ఆసక్తిగా ఉంటుంది. రైతు మాత్రం అక్కడ దొరకడు. వాటిని ఆఖరికి పెట్టుకో.

రెడిట్‌లాంటి, ఖాతా లేకుండానే చదవగలిగే చోట మొదటి పోస్టు పెట్టగానే ఆ లింకు నాకు పంపు. మీ పెద్దమ్మ ఫోన్లో ఏ ఖాతా లేదు. అందులో తెరిచి, బయటివాళ్లకి కనపడుతోందో లేదో చూసి చెప్తాను. రాత్రి ఎంతయినా సరే, మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న