సామంతరాజా, ఉపరాజా?

సందేహం: ఇంగ్లండ్ తొలినాళ్ల చరిత్ర మీద వ్యాసం రాస్తున్నాను. ఏడో శతాబ్దంలో సర్రే ప్రాంతాన్ని ఏలిన ఫ్రిథువోల్డ్‌ను లాటిన్ దానపత్రంలో ‘సబ్‌రెగులుస్’ అన్నారు. తెలుగులో ‘ఉపరాజు’ అనొచ్చా?

సమాధానం: అనకపోవడమే మంచిది. ‘రెగులుస్’ అంటే చిన్న రాజు, ‘సబ్’ అంటే కింద. మాటకు మాట పెడితే ‘ఉపరాజు’ వస్తుంది, నిజమే. కానీ ఉపరాష్ట్రపతి, ఉపముఖ్యమంత్రి అని రోజూ వినే మన చెవికి, పెద్దాయన లేనప్పుడు ఆయన పని చూసే మనిషి అని తోస్తుంది. ఫ్రిథువోల్డ్ అలా ఒకరి బదులు కూర్చున్నవాడు కాదు. సర్రే ఏలుబడి అతనిదే. కాకపోతే పైన మెర్సియా అనే పెద్ద రాజ్యాన్ని ఏలే వుల్ఫ్‌హియర్ ఉన్నాడు.

అతని గురించి తెలిసింది దాదాపు ఆ ఒక్క పత్రంలోనే ఉంది. 672-674 మధ్య చెర్ట్సీ మఠానికి భూములిచ్చాడు. వాటిలో లండన్ రేవు దగ్గర, ఓడలు ఒడ్డుకు చేరే చోట, థేమ్స్‌కు దక్షిణాన 10 హైడ్‌ల నేల కూడా ఉంది (ఒక కుటుంబం బతకడానికి సరిపడే భూమి ఒక హైడ్). ఇచ్చింది తనే అయినా, టేమ్ అనే చోట వుల్ఫ్‌హియర్ బలిపీఠం మీద చెయ్యిపెట్టి, శిలువ గుర్తు వేసి ఆ దానాన్ని ఖాయం చేశాడు. ఇక ఫ్రిథువోల్డ్, తనకు అక్షరాలు రావు కాబట్టి శిలువ గుర్తు వేస్తున్నానని దాపరికం లేకుండా రాయించాడు. మన పాత దస్తావేజుల్లో అయితే పక్కన ‘నిశాని’ అని ఉండేది! సాక్షుల్లో ఒస్రిక్, విగ్‌హార్డ్, ఎథెల్‌వోల్డ్ అని మరో ముగ్గురు సబ్‌రెగులుస్‌లు కనిపిస్తారు. అంటే వుల్ఫ్‌హియర్ కింద ఇలాంటివాళ్లు చాలామందే ఉండేవారన్నమాట.

ఈ ఏర్పాటుకు మనకు ‘సామంతరాజు’ ఉండనే ఉంది. సామంతుడంటే మొదట్లో పొరుగురాజే. పెద్దరాజుకు లోబడినవాడు అన్న అర్థం తర్వాత స్థిరపడింది. ‘మహామండలేశ్వరుడు’ మాత్రం వద్దు. అది చాళుక్యుల కింద ఉన్నప్పుడు కాకతీయులు పెట్టుకున్న బిరుదు, సర్రేలో అతకదు.

‘దానపత్రం’ అన్న మీ మాట బాగుంది, అలాగే ఉంచండి. శాసనం అనగానే మనవాళ్లకు రాయో రాగిరేకో గుర్తొస్తుంది. ఇది తోలు మీద రాసింది; ఇప్పుడు దొరుకుతున్నది కూడా 13వ శతాబ్దంలో మఠంవాళ్లు తమ పుస్తకంలోకి ఎక్కించుకున్న నకలే.