'దిద్దుబాటు' కథను రూపవాద దృష్టితో విశ్లేషించడం ఎలా?

గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' మీద రూపవాద విమర్శ, అంటే రచన ఎలా నిర్మితమైందో దాని మీదే దృష్టి పెట్టే విమర్శ, రాయాల్సి వచ్చిందనీ, రచయితనూ సంఘసంస్కరణనూ పక్కన పెడితే ఇక రాయడానికి ఏం మిగులుతుందో తోచడం లేదనీ మీరు అడిగారు. కొన్నేళ్లుగా ఈ కథను డిగ్రీ విద్యార్థులకు పాఠంగా చెబుతున్నాను. నా అనుభవంలో మిగిలేది చాలా ఎక్కువ. 1910లో అచ్చయిన కథ ఇప్పటికీ ఎందుకు చదివిస్తుందో చెప్పగలిగేది కూడా అదే.

సిద్ధాంతానికి మీ వ్యాసంలో ఒక పేరా చాలు. రష్యన్ రూపవాదులు సంఘటనలు జరిగిన వరుసనూ, కథలో అవి మన ముందుకు వచ్చే వరుసనూ వేరు చేసి చూశారు. అలవాటుతో మొద్దుబారిన చూపుకు వస్తువును కొత్తగా కనిపించేలా చేయడమే కళ పని అని వారిలో ఒకడైన ష్క్లోవ్‌స్కీ 1917లో రాశాడు. మామూలు మాటకు భిన్నమైన చమత్కారపు పలుకే కావ్యానికి ప్రాణమన్న సంస్కృత ఆలంకారికుడు కుంతకుడి వక్రోక్తి సిద్ధాంతం చదివినవారికి ఈ మాట మరీ పరాయిగా అనిపించదు. తర్వాత అమెరికాలో విమర్శకులు విమ్‌సాట్, బియర్డ్‌స్లీ 1946లో, రచయిత ఉద్దేశం రచనకు కొలబద్ద కాజాలదని వాదించారు.

ఇక కథ. గోపాలరావు సానిపాట (వేశ్య పాటకచేరీ) విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని కనబడదు, పుట్టింటికి పోతున్నానన్న ఉత్తరం మాత్రం దొరుకుతుంది. నౌకరు రాముడితో మాటలన్నీ అయ్యాక మంచం కింద నుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. జరిగిన వరుసలో చెప్పాలంటే కథ కమలినితో మొదలు కావాలి. మీటింగుల పేరుతో భర్త ఎక్కడికి వెళుతున్నాడో చెలుల ద్వారా తెలుసుకోవడం, ఉత్తరం రాయడం, మంచం కిందికి చేరడం, ఇవన్నీ మనం పుస్తకం తెరిచేసరికే జరిగిపోయాయి. కథకుడు వాటిని దాటవేసి, తలుపు తీయమన్న కేకతో ఎత్తుకున్నాడు. అబద్ధం ఒక్కటీ చెప్పడు. గోపాలరావుకు తెలిసినంత మేరకే మనకూ తెలియనిస్తాడు. మీ విశ్లేషణకు ఇదే పునాది కావాలని నా అభిప్రాయం.

ఎందుకంటే, ఈ కథలో విద్యార్థులకు ఎప్పుడూ అడ్డుపడే భాగం దీనితోనే విడిపోతుంది. విద్య నేర్చిన స్త్రీ ఎంత గొప్పదో రాముడికి గోపాలరావు ఉపన్యాసం ఇస్తాడు. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడంటాడు, ఇంగ్లీషువాడి 'బెటర్ హాఫ్' అనే మాట కూడా ఎత్తుతాడు. దాదాపు ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు దీన్ని గురజాడ సందేశంగా రాసుకుంటారు. అలా రాసుకున్నవారిని, ఆ గదిలో ఈ మాటలు వింటున్నవారు ఎందరని అడుగుతాను. మొదటి పఠనంలో శ్రోత ఒక్కడే, ఆ మాటలు తలకెక్కని నౌకరు. రెండో పఠనంలో మంచం కింద మరో శ్రోత ఉంది, ఆ మాటలు అసలు చేరవలసిన మనిషి ఆమె. ఒక్క అక్షరం మారకుండానే ఉపన్యాసం స్వభావం మారిపోతుంది. భార్యను పోగొట్టుకున్నానన్న భయంలో, సానిపాట నుంచి అప్పుడే వచ్చిన ఒక మనిషి పలుకుతున్న మాటలవి. వాటిని కథ నుంచి పెరికి సందేశంగా రాసుకుంటే ఆ రెండో శ్రోతను మనమే తీసేసినట్టవుతుంది. పైగా రహస్యం బయటపడడాన్ని ఈ ఉపన్యాసమే వెనక్కి నెడుతోంది. ఇలాంటి జాప్యాన్ని రూపవాదులు కథన నిర్మాణంలో కీలకమైన పద్ధతిగా గుర్తించారు.

రెండో ఆధారం శబ్దం. తలుపు దగ్గర కేక, గడియారం ఒంటిగంట కొట్టడం, చివర నవ్వు, గాజుల చప్పుడు: ముఖ్యమైన మలుపులన్నీ మనకు చెవి ద్వారానే అందుతాయి. కమలిని రూపం కథలో ప్రత్యక్షంగా కనిపించదు, ఆమె మాట కూడా ఉత్తరంలోనే ఉంది. ఆ ఉత్తరం భాష చూడండి. రాముడిది ఉత్తరాంధ్ర పలుకుబడి, గోపాలరావుది చదువుకున్నవాడి వ్యవహారం, కమలినిది మాత్రం గ్రాంథిక ఛాయలున్న నిండైన మర్యాద. ఆ మర్యాద దెబ్బ కొడుతుందని చెప్పి వదిలేయకండి, రాముడి మాటల పక్కన పెట్టి చూపించండి.

ముగింపు మీద సమయం పెట్టండి. చిన్న కథ తన బరువంతా చివరికే మోపుతుందని మరో రష్యన్ రూపవాది ఐఖెన్‌బామ్ 1925లో అమెరికన్ కథకుడు ఓ. హెన్రీ గురించి రాస్తూ వాదించాడు. ఇక్కడ ఆ బరువు మోసేది ఒక నవ్వు. కమలిని క్షమించిందని గానీ గోపాలరావు మారాడని గానీ కథ చెప్పదు, కాబట్టి మీరూ చెప్పకండి.

సానిమేళాలను వ్యతిరేకించిన యాంటీనాచ్ ఉద్యమం ప్రస్తావన మానేయాలా అని కూడా అడిగారు. అక్కర్లేదు. కథలో వచ్చే ఆ పదం అర్థం కావడానికి ఎంత చరిత్ర కావాలో అంతవరకు ఒక వాక్యంలో చెప్పి, కథలోకి తిరిగి రండి. రాయడం మొదలుపెట్టే ముందు ఏ ప్రతి మీద పని చేస్తున్నారో తేల్చుకోండి. ఈ కథకు సంకలనాల మధ్య పాఠభేదాలున్నాయి. వాక్యం వాక్యంగా చదివే పద్ధతిలో అవి మీ వాదననే మార్చగలవు కనుక, ఏ ప్రతి వాడారో మొదటి పేరాలోనే రాయండి.