విడాకుల తర్వాత మనోవర్తి ఇవ్వకపోతే ఎలా వసూలు చేయాలి?

కోర్టు ఆర్డర్ ఉన్నా మాజీ భర్త డబ్బు ఇవ్వడం లేదంటే, ముందు తేదీలు చూసుకోండి. బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 144(3), అంటే పాత సీఆర్‌పీసీ 125(3), కింద వారంట్ కావాలంటే బాకీ పడిన ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. "వచ్చే నెల ఇస్తాలే" అనే మాట నమ్మి ఆ గడువు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఏ నెలకు ఎంత రావాలో రాసిన కాగితం, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ జతచేయండి. కోర్టు ఆస్తి జప్తుకు వారంట్ ఇవ్వొచ్చు. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు. జైలుకెళ్లొస్తే బాకీ తీరిపోదు, సుప్రీంకోర్టు 1988లోనే ఆ మాట చెప్పేసింది.

ఆర్డర్ హిందూ వివాహ చట్టం కిందదైతే దారి వేరు: ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే ఆర్డర్‌ను అమలు చేయించమని కోర్టును అడగడం. ఉద్యోగస్తుడైతే జీతం అటాచ్‌మెంట్ (జీతంలోంచే కోసి ఇప్పించడం) అడగండి, జైలుకన్నా అదే పనిచేస్తుంది.