అచ్చులో లేని బోర్డు గేమును పిల్లలకు మళ్లీ అందించడం గురించి

మిర్యాలగూడ మిత్రులకు నమస్కారం. ప్రచురణ కంపెనీ మూతపడిన పాత బోర్డు గేమును మీ గ్రంథాలయం పిల్లల కోసం జిరాక్సు తీయిస్తే కాపీరైటు అడ్డు వస్తుందా అని అడిగారు. వస్తుంది. అయినా ఆ ఆటను బతికించుకునే దారి ఉంది.

కంపెనీ మూతపడినంత మాత్రాన హక్కులు పోవు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మలకు, రాసిన నియమావళికి సాధారణంగా రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఆడే పద్ధతికి మాత్రం ఆ రక్షణ లేదు. స్క్రాబుల్ అనే పదాల బోర్డు ఆటను పోలిన ఆన్‌లైన్ ఆట స్క్రాబులస్‌పై నడిచిన వివాదంలో 2008లో ఢిల్లీ హైకోర్టు స్క్రాబుల్ బోర్డుపై కాపీరైటు వాదనను ప్రాథమికంగా అంగీకరించలేదు కానీ, పేరు విషయంలో ట్రేడ్‌మార్కు హక్కును నిలబెట్టింది.

కాబట్టి పేరు మార్చండి, బొమ్మలు కొత్తగా గీయించండి, నియమాలను పాత పుస్తకం మూసిపెట్టి మీ మాటల్లో రాయండి. నా దృష్టిలో అసలైన శ్రమ ఇక్కడే ఉంది: పాచిక ముందు ఎవరు వేయాలి, ఒకే గడిలో రెండు కాయలు కలిస్తే ఏది వెనక్కి పోవాలి వంటివన్నీ రాసి, ఆ ఆట ఎన్నడూ చూడని ఇద్దరు పిల్లల చేతికిచ్చి, మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చుంటే, వాళ్లు ఆగిన ప్రతిచోటా ఏ వాక్యం సరిచేయాలో తెలుస్తుంది. బోర్డును ఫ్లెక్సీ మీద అచ్చు వేయించండి, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు.

అసలు బొమ్మలే కావాలంటే, కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో ఆ కంపెనీ వివరాలు వెతికి, హక్కుదారుకు ఉత్తరం రాసి లిఖితపూర్వక అనుమతి అడగండి. హక్కుదారు ఆచూకీ దొరకకపోతే అదే కాపీరైటు చట్టంలోని 31ఏ సెక్షన్ కింద లైసెన్సు కోరవచ్చు. అయితే ముందుగా ఆంగ్ల దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి కనుక, ఒక చిన్న గ్రంథాలయానికి ఆ ఖర్చు తగదని నా అభిప్రాయం.