జ్వరం దాచుకుని క్లాసుకెళ్లొద్దు

మొన్న విజయనగరం వచ్చినప్పుడు మా వీధి పిన్ని అడిగింది: "మావోడు ఆగస్టులో అమెరికా ఎల్తన్నాడు. ఆ ఫ్లూ ఇంజెక్షనేదో ఇక్కడే ఏయించి పంపమంటావేటి బాబూ?"

వద్దు పిన్నీ. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసుల కాగితం మాత్రం ఇక్కడే సిద్ధం చేసుకోవాలి, చాలా యూనివర్సిటీలు అడుగుతాయి. ఫ్లూ సంగతి వేరు. ఆ వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది, అందుకే టీకాను ఏటా వేయించుకోవాలి. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా జబ్బు జోరు ఎక్కువ. జూలైలోనే వేయిస్తే చలికాలం ముగిసేలోపే దాని బలం తగ్గిపోవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు సరైన నెలలు. మన లెక్కలో చెప్పాలంటే, దసరా వెళ్లాక మన విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగేనాటికి సూది పడిపోవాలి. ఒంట్లో రక్షణ తయారవడానికి రెండు వారాలు పడుతుంది మరి. క్యాంపస్ హెల్త్ సెంటర్‌లోనో, దగ్గర్లోని ఫార్మసీలోనో వేస్తారు. ఇన్సూరెన్స్ కార్డు పట్టుకెళితే సాధారణంగా డబ్బు కట్టక్కర్లేదు. ఆ సూదే ఫ్లూ తెప్పిస్తుందన్న భయం వద్దు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు కాస్త వెచ్చబడటం మామూలే.

టీకా వేసుకున్నా కొందరికి ఫ్లూ జ్వరం వస్తుంది, కాకపోతే తీవ్రత తగ్గుతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అలా వచ్చినప్పుడు మీరేం చేస్తారన్నదే నా బెంగ.

నేను అమెరికా వెళ్లిన మొదటి డిసెంబరులో రెండు బెడ్‌రూముల ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్లం. అందరం రాజాం, బొబ్బిలి, పాలకొండ వైపు వాళ్లమే. సెమిస్టర్ పరీక్షలు. ఒకడికి జ్వరమొచ్చింది. ఎవరికీ చెప్పకుండా డోలో, అంటే పారాసెటమాల్ మాత్ర, వేసుకుని పరీక్ష రాసొచ్చాడు. ఆ రాత్రి అందరం ఒకే గిన్నెలో చేతులు పెట్టి పులిహోర తిన్నాం, ఒకే తువ్వాలుకు చేతులు తుడుచుకున్నాం. నాలుగు రోజులు తిరక్కుండా మరో నలుగురం మంచాన పడ్డాం. వాణ్ని తప్పుపట్టను. అప్పుచేసి పంపిన నాన్న గుర్తొస్తే పరీక్ష మానాలని ఎవరికి అనిపిస్తుంది?

కానీ డోలో జ్వరాన్ని దించుతుందే తప్ప వైరస్‌ను ఆపదు. లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచి, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా మీ నుంచి పక్కవాళ్లకు అంటుతుంది. అందుకే పొద్దున్నే ప్రొఫెసర్‌కు రెండు లైన్ల ఈమెయిల్ పెట్టండి. పరీక్ష ఉంటే అది మొదలవక ముందే పెట్టండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మందు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేదంటేనే, మిగతా బాధలూ తగ్గుముఖం పడితేనే బయటకు రండి.

హెల్త్ సెంటర్‌కు మొదటి రోజే ఫోన్ చేయండి. ఒసెల్టమివిర్ అనే మందు 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కానీ డాక్టరు రాస్తేనే ఇస్తారు. ఆస్తమా, షుగరు ఉన్నవాళ్లు అస్సలు ఆలస్యం చేయొద్దు. ఇంటి నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్, అది ఫ్లూ మీద పనిచేయదు. ఇంకో ప్రమాదం ఉంది. అక్కడి నైక్విల్, డేక్విల్ లాంటి జలుబు మందుల్లో ఎసిటమినోఫెన్ అని రాసి ఉండేది మన పారాసెటమాలే. వాటితో పాటు డోలో కూడా వేసుకుంటే రెట్టింపు మందు లోపలికి పోయి కాలేయం దెబ్బతినొచ్చు. ఊపిరి అందకపోయినా, ఛాతీ నొప్పెట్టినా, మాట తడబడినా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి.

జ్వరం ఉన్నవాడికి ఒక గది వదిలేయండి. కిటికీ కాస్త తీసి ఉంచండి. గ్లాసు, తువ్వాలు వేరు చేయండి. తలుపు పిడులు, ఫ్రిజ్ హ్యాండిల్, రిమోట్ తుడుస్తూ ఉండండి, గట్టి వస్తువుల మీద ఈ వైరస్ రెండు రోజుల దాకా ఉండగలదు. చోడంబలో (రాగి అంబలి), మిరియాల చారో గది గుమ్మం దగ్గర పెట్టి, తిన్నాడో లేదో ఫోన్‌లో అడగండి. వేరుగా ఉంచడమంటే వెలివేయడం కాదని వాడికి తెలియాలి.

పిన్ని కొడుకు పెట్టెలో థర్మామీటర్ పెట్టించాను. దాని డబ్బా మీద వాడి చేతే రాయించాను: "100 వస్తే క్లాసు లేదు, రూములో చెప్పాలి."