కెగ్ బీర్ లైన్‌ని వేడినీళ్లతో కడిగితే సరిపోదా?

సరిపోదు, ఇంట్లో కెగ్ (బీర్ పీపా) పెట్టుకుంటే దాన్నుంచి ట్యాప్‌కి బీర్ తెచ్చే ఆ పైపుని రెండు వారాలకోసారి, కెగ్ మార్చినప్పుడల్లా ఆల్కలైన్ లైన్ క్లీనర్‌తో కడగాల్సిందే. ఎందుకంటే బీర్‌లోని ప్రోటీన్లు, హాప్స్ (బీర్‌కి చేదునిచ్చే పూలు) జిగురు పైపు లోపల పొరలా పట్టేసి దాంట్లో ఈస్టూ బ్యాక్టీరియా కాపురం పెడతాయి, వట్టి నీళ్లు ఆ పొర మీంచి జారిపోతాయంతే. వైజాగ్ ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, ఫ్రిజ్‌లో పైపు చల్లగానే ఉంటుంది గానీ బయటున్న ట్యాప్ మూతి త్వరగా బంకబంకగా అయిపోయి చిన్న ఈగలు మూగుతాయి.

ఉదాహరణకి ఎంవీపీ కాలనీలో ఒకళ్లింట్లో 2 మీటర్ల లైన్ ఉందనుకోండి, డబ్బా మీదున్న కొలత ప్రకారం గోరువెచ్చటి నీళ్లలో క్లీనర్ కలిపి చిన్న పంపుతో 15 నిమిషాలు తిప్పాలి, పంపు లేకపోతే లైన్ నిండా పోసి 20 నిమిషాలు వదిలేయాలి, ఆనక జారుడు పోయేదాకా మంచినీళ్లు వదలాలి (గ్లౌజులు మస్ట్, అది కాస్టిక్, చర్మాన్ని కాల్చేస్తుంది). ట్యాప్ మాత్రం విప్పి బ్రష్‌తోనే రుద్దాలి, అక్కడ షార్ట్‌కట్ లేదు. గట్టిగా పేరుకునే బీర్‌స్టోన్‌కి (ఖనిజాల గార) మూడు నెలలకోసారి యాసిడ్ క్లీనర్, విడిగా.

బీర్‌లో ఆల్కహాల్ ఉందిగా క్రిములు చచ్చిపోతాయిలే అనుకుంటారు చాలామంది, 5 శాతానికి అవేం చావవు, గ్లాసులో వచ్చే ఆ పులుపూ వెన్న వాసనా చాలాసార్లు వాటి పనే.